అటకలో ఇరవై రెండు దిండ్లు

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. నాకదే వృత్తి. వేసవిలో ఇళ్ళు కొలిమి కాకుండా పైకప్పులూ అటకలూ డిజైన్ చేస్తాను. ఇరవై ఏళ్ళుగా జనం నన్ను భోజనానికి పిలిచి, చెయ్యి కడుక్కోగానే నిచ్చెన చూపిస్తున్నారు. ఎక్కుతాను, వాసాలు లెక్కపెడతాను, సగం కరిగి దిగుతాను, కాగితం మీద బొమ్మ గీసిస్తాను. వాళ్ళు దాన్ని భద్రంగా అటకెక్కిస్తారు. అటక కోసం గీసింది అటకెక్కడం న్యాయమేగా అని మొదట్లో నేనే పెద్దగా నవ్వేవాణ్ణి. ఈమధ్య ఆ జోకు వెయ్యడానికి కూడా ఓపిక చాలడం లేదు.

ఒక్క మా అక్క మాత్రం గీసింది గీసినట్టు కట్టించింది. అసలు గొడవంతా అక్కడే వచ్చింది.

అక్కది కుట్టుపని. కింద కాపురం, పైన ఆరు మిషన్లు. బడిపిల్లల తెల్లచొక్కాలు కుట్టిస్తుంది. పైన పెంకుల కప్పు. దాని కింద మనిషి నడుం వంచి తిరగగలిగేంత అటక. అటక కింద చెక్కపలకల సీలింగు. సీలింగు కింద ఆడవాళ్ళూ, ఒక కటింగ్ మాస్టారూ, పగలంతా చల్లారని ఇస్త్రీపెట్టే. పేరుకది మేడ. ఎండలు ముదిరితే అందులో కూర్చున్న వాళ్ళ మాడు మాడేది. మా అక్కకీ ఉక్కకీ అక్షరం తేడానే గానీ, ఇద్దరూ ఒక గదిలో ఇమడరు.

కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం మూడింటికి కాజాల పిన్ని పడిపోయింది. చొక్కాలకు చేత్తో కాజాలు కుట్టే పెద్దావిడ; అరవై దాటాయి; ఆ మేడ మీద అందరికీ పిన్నే. కుడుతున్న చొక్కా మీదికే వాలిపోయింది. నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచి, "చొక్కాకి మరకైందా?" అని అడిగింది.

ఆవిణ్ణి మా బావగారే చేతుల మీద ఎత్తుకుని కిందికి దింపాడు. ఆయన ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడే మనిషి. ఆ రోజు నాలుగూ ఒకేసారి వాడేశాడు.

"డాక్టరు చెప్పాడు. ముప్పై ఎనిమిది డిగ్రీలు దాటిన గదిలో ఈవిడ కూర్చోకూడదట. వచ్చే వేసవిలో మధ్యాహ్నం మూడింటికి ఆ గది ముప్పై ఎనిమిది దాటిందంటే మిషన్లు అమ్మేస్తాను. మనిషి ప్రాణం పణంగా పెట్టి చొక్కాలు కుట్టించక్కర్లేదు."

పెళ్ళైన రెండో ఏడు నుంచీ అక్క కాలు పెడలు మీదే ఉంది. మిషన్లు పోతే ఆ కాలికి ఏం చెప్పుకోవాలో తెలియని మనిషి. ఆ సాయంత్రమే నన్ను పిలిపించింది.

"ఒరేయ్, ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ నెత్తిన గాలి కబుర్లు చెప్పావు. ఇప్పుడు నా నెత్తిన చెప్పు."

చెప్పాను. ఎండ పెంకు మీద పడుతుంది. పడ్డదాంట్లో సగానికి పైగా గుమ్మంలోంచే సాగనంపాలి కాబట్టి పెంకుల మీద తెల్లపూత. చొరబడ్డది సెగలా కిందికి కొడుతుంది. దానికి వాసాల అడుగున, పెంకుకి తగలకుండా, మెరిసే అల్యూమినియం కాగితం. అయినా అటకలో గాలి వేడెక్కుతుంది. వేడిగాలికి పొగరెక్కువ, పైకే పోతుంది. అది పోవడానికి కప్పు కొప్పు దగ్గర, రెండు వాలులూ కలిసేచోట, పొడుగ్గా చీలిక, దాని వెనకే బయటిగాలి రావడానికి చూరు కింద కంతలు. ఎడమన పదకొండు, కుడిన పదకొండు. చలికాలంలో పని పూర్తయింది. చూరు పట్టుకు వేలాడటం అంటే ఏమిటో మా తాపీమేస్త్రి నిజంగానే వేలాడి చూపించాడు.

నలభై డిగ్రీలు దాటిన మొదటి రోజు బావగారు ఒక థర్మామీటరు కొనుక్కొచ్చి మేడ గోడకు తగిలించాడు. నన్ను పిలిచాడు. మూడయింది. పాదరసం నలభై మూడు దగ్గర నిలబడింది. బయటికంటే లోపలే ఎక్కువ.

బావగారు కళ్ళజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు.

"రేపు మిషన్లు చూసుకోవడానికి మనిషొస్తాడు," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పిన్నిని ఒంటిగంటకే కింది వరండాలోకి పంపేశారు. మిగిలినవాళ్ళు మిషన్లు ఆపి నన్ను చూస్తున్నారు. కాలరులో పెట్టే అట్టముక్కతో అక్క విసురుకుంటోంది.

"ఏమైందిరా?"

"తెలీదక్కా."

"నీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది, పెంకుకా?"

"ఎక్కి చూస్తాను."

"ఎక్కు. కొంప మీదికి తెచ్చిందెలాగూ నువ్వే. కొంపెక్కడానికి మొహమాటమేంటి?"

నిచ్చెన వేసి అటక మూత తోశాను. మొహం మీద ఎవరో తడిదుప్పటి కాచి కప్పినట్టయింది. నా లెక్క ప్రకారం ఆ అటకలో అటూ ఇటూ పదకొండేసి వెలుతురు ముక్కలు కనపడాలి. పైన కొప్పు పొడవునా సన్నటి ఆకాశం కనపడాలి. ఏమీ లేదు. చీకటి. ఫోన్లో లైటు వేసుకుని, మోకాళ్ళ మీద పాకి, మొదటి కంత ఉండాల్సిన చోట చెయ్యి పెట్టాను.

మెత్తగా తగిలింది.

దిండు. కంత కొలతకు సరిగ్గా కుట్టిన బుల్లి దిండు. రెండు వరసల కుట్టు, అంచుకు పైపింగు, మూలలు తిప్పిన తీరు చూస్తే పెళ్ళికొడుకు కోటుకు కూడా అంత శ్రద్ధ దక్కదు. లోపల కత్తిరింపు గుడ్డముక్కలు కూరి కూరి, ఇటుకలా గట్టిపరిచారు. మీద నీలిదారంతో "ఎడమ 1" అని కుట్టి ఉంది. పక్కది ఎడమ 2. లైటు తిప్పాను. ఇరవై రెండూ ఉన్నాయి, వరసలో, అంకెలతో సహా. కొప్పు దగ్గరి చీలికలో ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే పొడుగు గుడ్డచుట్ట. కొప్పుకి సవరం పెట్టారన్నమాట.

ఇరవై ఏళ్ళ సర్వీసులో నా బొమ్మను ఇంత జాగ్రత్తగా చదివిన మనిషి లేడు. కాకపోతే తలకిందులుగా చదివాడు.

"మాస్టారూ!" అని అరిచాను.

మూత దగ్గర కటింగ్ మాస్టారి తల పైకొచ్చింది. మెడలో టేపు, చెవి మీద చాక్‌ముక్క.

"బాగా పట్టాయా సార్?" అన్నాడు. ఆ గొంతులో గర్వం చూసి నా తిట్టు నాకే అడ్డం పడింది.

"ఎవరు పెట్టమన్నారండీ ఇవి?"

"ఎవరూ పెట్టమనలేదు సార్. గాలి కొట్టినప్పుడల్లా పైనుంచి నుసి రాలుతోంది. మనది తెల్లగుడ్డ కదా. కంతలు పెట్టారు, మూయడం మర్చిపోయారు అనుకున్నాను. పెద్దవారు, మీకు చెప్తే బాగుండదని నేనే సర్దేశాను."

నా తప్పు కప్పిపుచ్చాడట! కప్పు సంగతి తెలిసినవాణ్ణి నేను, పుచ్చు సంగతి ఆయన చూసుకున్నాడు.

"ఒక్కోదానికీ విడిగా కొలత తీయాల్సొచ్చింది సార్. మీ తాపీమేస్త్రి ఏ రెండు కంతలూ ఒక్కలా పెట్టలేదు. ఎడమ ఏడు అయితే మూడుసార్లు విప్పి కుట్టాను."

కింద నుంచి అక్క గొంతు. "అవా? మిగులు ముక్కలతో ఇంటికి దిండ్లు కుట్టుకుంటున్నాడనుకున్నాను. వాళ్ళింట్లో ఇరవై రెండు తలకాయలెక్కడివని అప్పుడే అడగాల్సింది!"

ఇక నా వల్ల కాలేదు. ఎడమ ఒకటి పట్టుకుని లాగాను. సీసా మూత ఊడినట్టు శబ్దం చేసి వచ్చింది. వెలుతురు, దాని వెంట గాలి. ఆ గాలి మొహానికి తగిలేసరికి వివేకం పోయింది. రెండు, మూడు, నాలుగు, వరసగా పీకేశాను. సవరం కూడా పట్టుకుని గుంజాను. అటక పొడవునా ధూళి లేచింది.

"ఆపరా! ఆపు!"

అక్క నిచ్చెన సగం ఎక్కి, చేతిలో చొక్కా పైకి చాచింది. ఇస్త్రీ చేసి మడతపెట్టింది. దాని మీద రెండు బూడిదరంగు చారలు, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా.

"ఇలాంటివి పద్నాలుగు. ఈ ఒక్క నిమిషంలో. మాస్టారు ఎందుకు మూశాడో ఇప్పుడర్థమైందా?"

ఆ చారల మధ్య దూరం చూశాను. సీలింగు పలక వెడల్పంత ఉంది. రెండు పలకల మధ్య ప్రతి అతుకు దగ్గరా రూపాయిబిళ్ళ దూరేంత సందు. వాటిలోంచి ధూళి కిందికి, నేరుగా చొక్కా మీదికి. ఆ సందుల్లోంచే అటక వేడి కూడా గదిలోకి.

మూత పక్కన దూలం మీద చతికిలబడ్డాను. నేను ఈ గది కొలిచింది సెలవురోజున. మిషన్ల మీద ముసుగులున్నాయి, మనుషులు లేరు, గుడ్డ లేదు. గదిని కొలిచాను గానీ పనిని కొలవలేదు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. సీలింగు అతుకులు ముందు పైనుంచి మూయాలి, ఆ తర్వాతే కంతలు తెరవాలి. ఆ సంగతి నాకు తెలీక కాదు. పదేళ్ళ కిందటి వరకూ ప్రతి బొమ్మ కిందా ఆ వాక్యం రాసేవాణ్ణి. ఒక్కరూ చేసేవారు కాదు. ఎవరూ చెయ్యనిది రాయడమెందుకని ఒక రోజు మానేశాను. ఏ రోజో గుర్తు లేదు. అలిసిపోయినవాడి చేతిలో మొదట జారేది అలాంటి వాక్యమే. గీసింది గీసినట్టు కట్టించే మనిషి ఒకరు వచ్చేసరికి, గీసినదాంట్లో అది లేదు.

"అక్కా, తప్పు మాస్టారిది కాదు. నాది."

"తప్పు తర్వాత తీరిగ్గా పంచుకుందాం. ముందు ఏం చెయ్యాలో చెప్పు."

చెప్పాను. బిగించే చోటు ఒకటి, వదిలే చోటు ఒకటి. మనం రెండూ తారుమారు చేశాం. ఈ దిండ్లు విప్పి, గుడ్డను పట్టీలుగా కత్తిరించి, బంకపెట్టి అటక నేల మీద ప్రతి అతుకునూ మూసెయ్యాలి. కంతలకు దోమతెర తొడగాలి, గాలి వస్తుంది, చెత్త రాదు. కంతకు తగ్గ బొంత అని మొగుడూ పెళ్ళాల్ని వెక్కిరిస్తాం గానీ, మా బొంతకి తప్పు కంతతో పెళ్ళి చేశాం, అంతే.

ఎవరూ నవ్వలేదు. మాస్టారు ఒక దిండు ఒళ్ళో పెట్టుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"పట్టీ ఎంత వెడల్పు సార్?"

"మూడంగుళాలు."

"అంచు మడవాలా?"

"అటకలో ఎవరు చూస్తారు మాస్టారూ!"

"ఈ దిండ్లు మాత్రం ఎవరు చూస్తారనుకున్నాను సార్? మీరు చూళ్ళేదూ?" అని మడతకు కూడా కలిపి గీత గీశాడు.

పొద్దువాలే దాకా ఆడవాళ్ళు పట్టీలు కత్తిరించారు, నేనూ మాస్టారూ అటకలో బంక పూశాం. మర్నాడు తెల్లారగానే మళ్ళీ ఎక్కాం. తొమ్మిదింటికి ఆఖరి అతుకు, పదకొండింటికి ఇరవై రెండో తెర. దిగేసరికి నా మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి.

మిషన్లు చూసే మనిషి రెండున్నరకే వచ్చాడు. బావగారు అతన్ని గది మూల స్టూలు మీద కూర్చోబెట్టి, "మూడవనీ," అన్నాడు. అక్క మిషను ఆపలేదు. పిన్ని మాత్రం రావద్దన్నా వచ్చి, గుమ్మం దగ్గర కూర్చుంది.

మూడయింది. బయట నలభై ఒకటి. బావగారు గోడ దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకున్నాడు. నేను వెనక నుంచి మెడ చాచాను. ముప్పై ఎనిమిది గీత, దాని మీద సన్నటి పాదరసం మెరుపు.

"దాటింది," అన్నాడు.

"వెంట్రుకవాసి బావగారూ!" అన్నాను.

"దాటింది."

మిషను ఆగింది. అక్క గోడ దగ్గరికి వచ్చి తనూ చూసింది. ఆ అంకె మీద వాదించడానికి నేను పది మాటలు కూడగట్టుకుంటున్నాను. గాలి ఇప్పుడే మొదలైంది, పెంకు ఇంకా నిన్నటి వేడి కక్కుతోంది, ఎల్లుండికి ఇంకో డిగ్రీ దిగుతుంది. ఇవేవీ అబద్ధాలు కావు. అక్క నన్ను నోరెత్తనివ్వలేదు.

"అవును, దాటింది," అంది ఆయనతో. "రేపటి నుంచి ఆరింటికి మొదలెడతాం. ఒంటిగంటకి మిషన్లు ఆపేస్తాను. మళ్ళీ నాలుగింటికే. ఎండలు తగ్గేదాకా ఇంతే. పిన్ని పన్నెండింటికే వెళ్ళిపోతుంది."

మధ్యాహ్నం మిషను ఆపడమంటే ఓడిపోవడమని ఇన్నేళ్ళూ అనుకున్న మనిషి. గోడ దగ్గర్నుంచి మళ్ళీ మిషను దగ్గరికి వెళ్ళి, దాని చక్రం మీద చెయ్యి వేసే ఆ మాట అంది.

పిన్ని గుమ్మంలోంచి లేచింది. "నన్నడక్కుండా నా పూట కోసేస్తావేంటే?"

"పడిపోయేటప్పుడు నన్నడిగావా?"

పిన్ని కూర్చుంది.

బావగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆయనకు ఆ గది ఎంత వేడిగా ఉందో తెలుసు, ఎంత చల్లబడిందో కూడా తెలుసు. తర్వాత స్టూలు మీద మనిషి వైపు తిరిగాడు.

"మిమ్మల్ని ఊరికే తిప్పాను. వెళ్ళిరండి."

ఆయన ముందు, ఆ మనిషి వెనక, ఇద్దరూ మెట్లు దిగారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకావిడ బాబిన్ మార్చుకుంది. సెలవు రేపటి నుంచేనన్నా, ఇంకొకావిడ ఇప్పుడే నేల మీద కొంగు పరుచుకుంది.

నాకు ఇంటికి పోదామనిపించింది గానీ కాళ్ళు కదల్లేదు. కటింగ్ బల్ల ఖాళీగా కనిపించింది. ఒక్క నిమిషం నడుం వాలుద్దామని ఎక్కాను. పైన పలకలు, వాటి పైన పట్టీలు, ఇంకా పైన ఎక్కడో కంతల్లోంచి దూరి కొప్పులోంచి పోతున్న గాలి. అది వినపడదు. వినాలని చెవి ఒగ్గాను గానీ, నిద్ర ముందు వచ్చింది.

లేచేసరికి అయిదయింది. మిషన్లు నడుస్తున్నాయి. బల్ల మీద నా చుట్టూ, తల నుంచి కాళ్ళ దాకా చాక్‌గీత. నన్ను లేపడం ఇష్టంలేక, నేను ఆక్రమించుకున్నంత మేర వదిలేసి, మిగిలిన బల్ల మీదే మాస్టారు పన్నెండు చొక్కాల గుడ్డ కత్తిరించుకున్నాడట.