పైపు దారిలో కెమెరాలు

మారేడుమిల్లి దాటాక వాగు పక్కన కొండరెడ్డి మహిళల సంఘం నడిపే వెదురు కుటీరాలున్నాయి. వాటి ఆఫీసు పని చూసేది భాను. ఆ వానాకాలం ఆమెను బాగా విసిగించింది నీళ్ల పైపు. వాగు ఎగువ నుంచి కుటీరాలకు వచ్చే ఆ నల్లపైపు మాటిమాటికీ పగిలిపోతోంది. పశువులని కొందరు, పక్క ఊరివాళ్లని కొందరు అన్నారు. మాటలు ముదరకముందే భాను పైపు దారి వెంట కెమెరాలు పెట్టించింది.

కెమెరాలు తీసేదంతా దాచడానికి ఆఫీసులో ఒక పాత కంప్యూటర్ ఉంది. రంపచోడవరంలో కంప్యూటర్లు బాగుచేసే ఆమె మరిది ధనుంజయ్ దాన్ని సర్వర్‌గా మార్చాడు. అతను మొదట ఎక్కించిన సాఫ్ట్‌వేర్ వాడటానికి సులువుగానే ఉంది. కాకపోతే తెరిచిన ప్రతిసారీ ఇంటర్నెట్ అడిగేది. వాన పట్టగానే సిగ్నల్ పోయింది. పైపు మళ్లీ పగిలింది. వీడియో కళ్లెదుట ఉన్న కంప్యూటర్లోనే ఉన్నా, చూడటానికి వీల్లేకపోయింది.

“మన కెమెరాలు, మన కంప్యూటరు. సూడ్డానికి ఎవుర్ని అడగాలి?” అంది భాను.

“ఆళ్ల సర్వర్ ఒప్పుకుంటేనే ఇది తెరుసుకుంటాది వదినా. లినక్స్ అనే సిస్టమ్ మీద నడిసేది ఇంకోటుంది. ఇంటర్నెట్ లేకపోయినా మన వైఫైలో సూడొచ్చు. పెట్టడమే కట్టం. పాడైతే బాగుసేసేవోడు ఇక్కడ దొరకడు.”

“నువ్వున్నావు కదా.”

“నేను లేనప్పుడో?”

“నాకు నేర్పు. వానలో పనిసేసేదే పెట్టు.”

ఆదివారమంతా అతను దానితో కుస్తీ పట్టాడు. ఒక కెమెరా ఎంతకీ కలవక, సాయంత్రానికి గానీ దారికి రాలేదు. సర్వర్ ఆగితే మళ్లీ ఎలా నడపాలో, డిస్కు నిండితే ఏం చెరపాలో భాను పక్కన కూర్చుని నేర్చుకుంది.

ఆ వారంలోనే పైపు మరోసారి పగిలింది. బయట ఒకటే వాన, ఫోన్లో సిగ్నల్ లేదు. భాను కంప్యూటర్ ముందు కూర్చుంది. ఈసారి వీడియో వెంటనే తెరుచుకుంది.

తెల్లవారుతున్న వేళ. తెర నిండా మంచు. అందులో ఒక చోటు నెమ్మదిగా నల్లబడింది. మూపురం ఎత్తుకుని, మోకాళ్ల దాకా తెల్లటి కాళ్లతో అడవిదున్న బయటికి వచ్చింది. భాను తెరకు దగ్గరగా జరిగింది. అది నడుస్తున్నది తను రోజూ బట్టలు ఆరేసే చోట. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మరికొన్ని. వెదురు గోడకు ఇవతల కుటీరాల్లో అతిథులు నిద్రపోతున్నారు. వరండాలో పడుకున్న కుక్క తలెత్తి చూసి, మళ్లీ ముడుచుకుంది.

పైపు అతుకు దగ్గర దూడ ఒకటి ఆగి, కారుతున్న చుక్కల్ని నాకింది. తల్లి ఆగింది. తల్లి ఆగితే మంద మొత్తం ఆగింది. కాసేపటికి తల్లి గిట్ట వేసి పైపును నొక్కింది. నీళ్లు ఎగజిమ్మాయి. దూడ బెదిరి వెనక్కి గెంతి, తర్వాత ఆ నీళ్లలోనే ముఖం పెట్టింది.

టీ తెచ్చిన అత్త గంగ గ్లాసు పక్కన పెట్టి నేల మీద కూర్చుంది.

“సిన్నప్పుడు మా అయ్య సూపించాడు. అప్పుడు పారిపోతన్న ఈపులే సూశాను,” అంది. “మొకాలు ఇప్పుడే సూత్తన్నాను.”

భాను వీడియోను మళ్లీ మొదటికి తిప్పింది. ఇన్నేళ్లూ తను నడిచిన దారిలో అవీ నడుస్తున్నాయి.

సిగ్నల్ వచ్చాక ధనుంజయ్ తన షాపు నుంచే సర్వర్లోని వీడియో చూసి ఫోన్ చేశాడు. వీడియో ఆన్‌లైన్‌లో పెడితే టూరిస్టులు వరస కడతారన్నాడు.

“తుపాకీ ఉన్నోడూ వత్తాడు,” అంది భాను.

మర్నాడు అతను వచ్చి, తన షాపు నుంచి ఈ సర్వర్‌లోకి తొంగిచూడటానికి పెట్టుకున్న దారిని కూడా మూసేశాడు. ఇక ఆ ఆఫీసు వైఫై అందినంత మేరే ఆ సర్వర్ లోకం.

సంఘం ఆడవాళ్లందరినీ భాను పిలిచింది. నింద మోసిన పక్క ఊరివాళ్లనూ పిలిచింది. ఆఫీసు గదిలో ప్రొజెక్టర్ పెట్టి, మంద నడిచే వీడియోను గోడ మీద వేసింది. పక్క ఊరి పెద్ద భీముడు లేచి గోడ దగ్గరికి వెళ్లి, దూడ పక్కన తన చెయ్యి పెట్టి ఎత్తు చూసుకున్నాడు.

తర్వాత రెండు ఊళ్లవాళ్లూ కలిసి పైపును మట్టిలో పాతారు. దూడ ఆగిన చోట మాత్రం చిన్న గుంట తవ్వి, అందులోకి సన్నటి ధార వదిలారు.