పదకొండు తప్పులు

కంప్యూటర్ నత్తనడక నడిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ సంగతి తెలిసే, మా మాదాపూర్ ఆఫీసులో ఏ పాత డబ్బా వచ్చినా తెచ్చి నా నెత్తిన పెడతారు. సకల జనుల సమ్మె మొదలైన రోజుల్లో గేటు దగ్గర పెట్టడానికి అలాంటిదొకటి ఇచ్చారు. వచ్చినవాళ్ల పేర్లు పుస్తకంలో రాయడం మానేసి, ఇకపై అందులో ఎక్కించి పాస్ తీసి ఇవ్వాలట. ఉన్న మెమరీ అంతంతమాత్రం. దానికి లినక్స్ తప్ప వేరే గతి లేదు.

లినక్స్‌లో తెర ఎలా కనబడాలి, ఎక్కడ నొక్కితే ఏది తెరుచుకోవాలి అన్నది చూసుకునే సరంజామాను డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. ఉచితంగా దొరికేవి బోలెడున్నాయి. నేను మూడు పట్టుకున్నాను: కేడీఈ, గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ. మీట నొక్కినప్పటి నుంచి పని మొదలయ్యేదాకా ఆ డబ్బా మీద కేడీఈకి రెండు నిమిషాల పది సెకన్లు పట్టింది, గ్నోమ్‌కి నిమిషంన్నర, ఎక్స్‌ఎఫ్‌సీఈకి నలభై ఎనిమిది సెకన్లు. వేగం సంగతి తేలింది. వాడుకలో ఏది సులువో తేలాలంటే గేటు దగ్గరి మనిషే కావాలి కదా అని ఎల్లేశం గారిని కూర్చోబెట్టాను.

ఆయనది బాలానగర్. యాభై దాటాయి. అక్కడి ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు లేత్ మిషన్ మీద పనిచేసి, అది మూతపడ్డాక మా దగ్గర సెక్యూరిటీలో చేరారు. కుడిచేతి చూపుడువేలు ఎప్పుడో మిషన్‌లో నలిగి బిగుసుకుపోయింది. అది నేను చూశాను. చూసి కూడా, పరీక్ష అన్నిటికీ ఒకేలా ఉండాలన్న పట్టుదలతో మూడింటికీ ఒకటే మాట చెప్పాను. "బొమ్మ మీద గబగబా రెండుసార్లు నొక్కండి."

పాపం, నొక్కారు. రెండో నొక్కు పడేలోపు వేలు కదిలి బొమ్మ పక్కకి జరిగిపోయేది. గ్నోమ్‌లో నాలుగుసార్లు, చివర పెట్టిన ఎక్స్‌ఎఫ్‌సీఈలో నాలుగుసార్లు అలా గురి తప్పింది. కేడీఈలో మూడుసార్లు ఒకటి తెరుచుకోవాల్సిన చోట రెండు తెరుచుకున్నాయి. నేను రిపోర్టులో 'వాడినవారి తప్పులు: 11' అని వేసి, ఎక్స్‌ఎఫ్‌సీఈ పెడదామని రాసి, అడ్మిన్ చూసే సాయిచంద్‌కి పంపేశాను. ప్రగతి నగర్‌లో ఇంటికెళ్లి హాయిగా అన్నం తిన్నాను.

రెండు రోజులకి, శుక్రవారం పొద్దున, హౌస్‌కీపింగ్ భాగ్యమ్మ నా టేబుల్ తుడుస్తూ మొహం మాడ్చుకుని అంది. "మంచిగ జేసినవ్ మేడమ్. ఎల్లేశమన్నను తీసేస్తున్నరంట."

"నేనేం చేశాను భాగ్యమ్మా?"

"నువ్వు రాసిన కాయితంతోనే గదా! పదకొండు తప్పులంట. సోమారం సంది కొత్తోడొస్తడంట. ఆంధ్రోళ్లు జూస్తే మాయి ఎప్పుడు తప్పులే."

అరికాలి మంట నెత్తికెక్కింది. మాది భీమవరమైతే మాత్రం, గేటు దగ్గరి మనిషి పొట్ట కొడతానా? సరాసరి సాయిచంద్ మీదికి వెళ్లాను. సాయిచంద్ పుట్టి పెరిగింది కొండాపూర్‌లోనే. నా కేకలు విని నవ్వాడు.

"అరె, నంబర్లు నీవే గదా కృష్ణప్రియా! గేటు కాడ ఒక్కొక్కరికి పది నిమిషాలు పడితే ఎట్ల? సెక్యూరిటీ ఏజెన్సీకి పంపిన. మనిషిని మారుస్తమన్నరు."

"నేను పరీక్షించింది డెస్క్‌టాప్‌ని! మనిషిని కాదు."

"మరి తప్పులు మనిషి మీద ఎందుకు రాసినవ్?"



గేటు దగ్గరికి వెళ్లాను. ఎల్లేశం గారు నన్ను చూసి, కోపం లేకుండానే, కుర్చీ జరిపారు. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

"నౌకరి ఫికర్ ఉన్నది గని బిడ్డా, అంతకన్న గా పదకొండే పరేషాన్ జేస్తున్నది," అన్నారు. "ఇరవై రెండేండ్లల నా పేరు మీద ఒక్క ఖరాబు పీసు పడలె."

"అక్కడ తప్పు ఎవరిదని ఎలా తేల్చేవాళ్లండీ?"

"పీసు ఖరాబైతే ముందుగాల మిషన్ సెట్టింగ్ జూస్తుండిరి. సెట్టింగ్ సక్కగున్నంక గూడ ఖరాబైతే, అప్పుడు మనిషి పేరు రాస్తుండిరి. మీ కాడ సీదా పేరే రాస్తరు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఏడేళ్లుగా టెస్టర్‌ని నేను. కేడీఈలో ఒక్కసారి నొక్కితే చాలు తెరుచుకుంటుందని నాకు తెలుసు. తెలిసీ రెండుసార్లు నొక్కమన్నాను, రెండు తెరుచుకుంటే ఆయన ఖాతాలో వేశాను. మిగిలిన రెండింటిలోనూ ఆ వేలికి తగ్గట్టు ఒక్క సెట్టింగూ మార్చి చూడలేదు. మళ్లీ సాయిచంద్ దగ్గరికి పోయి బతిమాలాను. నేను బతిమాలడం అతను చూడటం అదే మొదటిసారి.

"సరే. సోమారం తొమ్మిదింటికి పది మందిని నిలబెట్టి చూస్త. ఒక్క తప్పు లేకుంటే ఉంటడు. తప్పు పడితే పదింటికి కొత్తోడు," అన్నాడు.

కేడీఈ పెడదామా అనుకున్నాను. కానీ బొగ్గు గనులవాళ్లు కూడా సమ్మెలో ఉన్నారు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పోయినప్పుడల్లా రెండు నిమిషాలు ఆగితే గేటు బయట జనం ఊరుకోరు. ఎక్స్‌ఎఫ్‌సీఈనే ఉంచి, తెర మీది బొమ్మలన్నీ తీసేశాను. అడుగున వెడల్పాటి పట్టీ పెట్టి, పాస్ బొమ్మను బిస్కెట్ అంత పెద్దది చేసి అందులో పెట్టాను. పట్టీలో ఉన్నది ఒక్క నొక్కుకే తెరుచుకుంటుంది. ఈ మాత్రం పనికి నాకు పట్టింది పావుగంట.

సోమవారం బస్సుల్లేవు, ఆటోలూ లేవు. తొమ్మిదైంది. సాయిచంద్ గడియారం చూసుకున్నాడు. తొమ్మిదీ పదికి ఎల్లేశం గారు మోకాళ్లదాకా దుమ్ముతో నడిచి వచ్చారు.

"కూకట్‌పల్లి కాడ జులూసు అడ్డమొచ్చింది," అన్నారు రొప్పుతూ. "జర దూరం నేను గూడ నడిచిన. జై తెలంగాణ అనకుంట ఎట్లొస్త?"

"మంచినీళ్లు తాగండి ముందు," అన్నాను.

ఆయన జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని కూర్చున్నారు. వరసలో మొదట భాగ్యమ్మే నిలబడింది. ఒక్క నొక్కు, పేరు, పాస్. రెండో మనిషి, మూడో మనిషి. ఆరో మనిషి దగ్గర కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది. ఎల్లేశం గారు మీట నొక్కి, ఆ ఆరో మనిషితో "జర ఆగుండ్రి, అయిపోతది," అన్నారు. నలభై ఎనిమిది సెకన్లు నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. పదో పాస్ కూడా బయటికి వచ్చింది. తప్పులు సున్నా.

"ఉంటడు తియ్యి," అన్నాడు సాయిచంద్. "కొత్తోణ్ణి రావద్దని చెప్త. నీ పాత రిపోర్టు డిలీట్ జెయ్యి."

నేను డిలీట్ చెయ్యలేదు. 'వాడినవారి తప్పులు' అన్నది కొట్టేసి 'పరీక్ష పెట్టినవారి తప్పులు: 11, కృష్ణప్రియ' అని మార్చి మళ్లీ పంపాను. పిచ్చా నీకు, అప్రైజల్ దగ్గరికొస్తోంది అని సాయిచంద్ మొత్తుకున్నాడు. వస్తే రానీ అన్నాను.

మధ్యాహ్నం గేటు దగ్గర ఎల్లేశం గారు నన్ను ఆపారు. "బిడ్డా, గా పదకొండు కొట్టేసిన్రా?"

"లేదండీ. నా పేరు మీద రాసుకున్నాను."

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచారు.

"అన్ని నీయి గావు. గా దినం అద్దాలు ఇంటికాడ మర్సిన. నీకు జెప్పలె. ఆఖరుకు నొక్కిన రెండు కండ్లు గానక తప్పినయి. గవి నాయే. నా పేరు మీద రాయి."

"ఇప్పుడెందుకండీ, వదిలేయండి."

"రాయమంటున్న గదా!" అని గట్టిగా అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. అక్కడే ఆయన కుర్చీలో కూర్చుని రిపోర్టు తెరిచాను. కృష్ణప్రియ 9, ఎల్లేశం 2. ఆయన అద్దాలు పెట్టుకుని, వంగి, రెండంకెలూ చదువుకున్నారు.

"ఇగ సక్కగున్నది. పంపు," అన్నారు.