రెండు వైపులా కాజాలు

సూదికి దారం ఎక్కించాక కాజాల బాబాయి ఆగిపోయాడు. ఒళ్ళో నీలం ఉన్ని కోటు ఉంది. అదెవరిదో కాసేపు గుర్తు రాలేదు. మెడపట్టీ లోపల కూతురు పసుపు దారంతో వేసుకున్న చిన్న కుట్టు కనపడగానే ప్రాణం లేచివచ్చింది. పాపదే. సాయంత్రం బస్సుకు చలి ఎక్కువుండే ఊళ్ళో ఉద్యోగానికి వెళ్తోంది. ఈలోపు కాజాలు, గుండీలు కుట్టి తన చేతులతో ఇవ్వాలి.

ఆ దర్జీ దుకాణంలో కత్తిరింపు, మిషను మాస్టరివి. కాజాలు, గుండీలు ఇతనివి. వేళ్ళు పని మరిచిపోవు. తక్కినదేదీ తలలో నిలవదు. చెప్పులు దుకాణంలో వదిలేశానని ఇంటి నుంచి పరుగెత్తుకొస్తే, అవి కాళ్ళకే ఉంటాయి.

తొమ్మిదేళ్ళప్పుడు అతన్ని మేనమామ దగ్గర పనిలో పెట్టారు. సూది గుచ్చుకుని ఏడిస్తే మామ రెండు గుక్కల సారా పోసేవాడు. కునికితే తన సిగరెట్టు నోట్లో పెట్టేవాడు. పిల్లవాడు దాన్ని ప్రేమ అనుకున్నాడు. ఇప్పుడు ఆ ప్రేమను తలచుకుంటే అతనికి ఒళ్ళు మండుతుంది. పాప పుట్టాక తాగుడూ పొగా రెండూ మానేశాడు. మెదడు ఎదిగే వయసులో దెబ్బ తగిలిందని, మానేసినంత మాత్రాన పోయిన జ్ఞాపకశక్తి అంతా తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. ఆ మాట కూడా పాపే గుర్తుపెట్టుకుంది.

ఆడవాళ్ళ కోటుకు కాజాలు కుడివైపు. పొద్దున్నే ఐదూ చక్కగా కుట్టేశాడు. భోంచేసి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆ సంగతి తుడిచిపెట్టుకుపోయింది. రోజూ మగవాళ్ళ చొక్కాలకు అలవాటుపడిన చెయ్యి, ఎడమవైపు మరో ఐదు శ్రద్ధగా కుట్టింది.

"రెండు వైపులా కాజాలేంటి బాబాయ్? గుండీలు గాల్లో కుడతావా?" అన్నాడు మాస్టరు. నవ్వబోయి, అతని మొహం చూసి ఊరుకున్నాడు.

బాబాయి అటు చూశాడు, ఇటు చూశాడు. రెండూ తన చేతి కుట్లే. ఏవి ముందు? ఏవి తర్వాత? ఎంత తడుముకున్నా దొరకలేదు.

అప్పుడే పాప పెట్టెతో వచ్చింది. కోటు వెనక్కి దాచబోయాడు.

"ఇటివ్వు నాన్నా."

"గుండీలు కుట్టలేదమ్మా. ఎక్కడ కుట్టాలో తెలీట్లేదు."

ఆమె కోటును తిప్పి చూసి పెదవి కొరుక్కుంది. తర్వాత తొడుక్కుని, రెండు అంచులూ చేత్తో దగ్గరికి పట్టుకుంది.

"వెచ్చగానే ఉంది. ఇలాగే వేసుకుంటా. వేళకి తిను. అత్త రోజూ వచ్చి చూస్తుంది."

అతను కూతురి తల నిమిరాడు. ఆమె వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాడు. గుండె బరువెక్కింది.

దీపాలు వెలిగే వేళకు ఆ బరువు అలాగే ఉంది గానీ, ఎందుకో గుర్తు లేదు.

"పాప ఇంకా రాలేదేంటి? బస్సు తప్పిపోదూ?"

మాస్టరు మిషను ఆపాడు. "వెళ్ళింది బాబాయ్. కోటు వేసుకునే వెళ్ళింది."

"వేసుకుందా? మరి గుండీలు కుట్టానా?"

"కుట్టావు."

బాబాయి తృప్తిగా చెప్పులు వెతుక్కుని ఇంటిదారి పట్టాడు. బల్ల మీద డబ్బా మూతలో ఐదు నీలం గుండీలున్నాయి. ఒకదానికి ఎక్కించిన దారం చివర సూది అలాగే వేలాడుతోంది.