పదకొండు రోజుల నక్షా

"ఆడదాని గొంతు గడప దాటొద్దు" అని అత్త జాన్ బీ రోజుకొకసారైనా అనేది. అన్న ఆ నోటితోనే పొద్దున ఏడు కొట్టగానే, "ఇంక గిన్నెలే తోముతున్నవా? మగ్గం కాడ నలుగురు వచ్చి కూసున్నరు. పో, జెర గట్టిగ చెప్పు" అని తరిమేది. వంటింట్లో పెద్దగా దగ్గితే తప్పు, వసారాలో మాత్రం గొంతు ఖంగుమనాలి. ఏం న్యాయమమ్మా ఇది! హనీఫా పన్నెండేళ్లుగా ఈ న్యాయంతోనే కాపురం చేస్తోంది.

బోయిగూడలో వాళ్లది రెండు గదుల ఇల్లు. ముందు వసారాయే తివాచీల కార్ఖానా. మగ్గం ముందు చెక్క పలక మీద బాలమ్మా, ఇంకో ముగ్గురు నేతగాళ్లూ కూర్చుంటారు. వాళ్ల వెనక పర్దా, పర్దా వెనక చాప మీద హనీఫా. ఏ ముడికి ఏ రంగు ఊలు పడాలో ఆమె రాగం తీసినట్టు చెబుతుంటే వాళ్లు "వేసినం" అంటూ ముడులు వేస్తారు. మిగతా కార్ఖానాల్లో దీనికి గళ్ల కాగితం మీద గీసుకున్న బొమ్మ, నక్షా, ఉంటుంది. ఈ ఇంట్లో కాగితం లేదు. చదువు రాని మామ తన నక్షాలన్నీ నోటితోనే నేర్చాడు, కొడుక్కి ఓపిక లేదని పోయేముందు కోడలి నోటికి అప్పజెప్పాడు. "ఒక్క ముడి తప్పదు నా కోడలు" అన్నాడొకసారి. ఈ ఇంట్లో ఆమెకు దక్కిన మెప్పు అదొక్కటే. మొగుడు నాసర్ అయితే వచ్చినవాళ్ల ముందు నవ్వుతూ, "కూసున్న కాడ కూసోని నోరాడిచ్చుడు సుత పనేనా భాయ్!" అనేవాడు. పొద్దంతా అలా నోరాడించాక ఆ నోటితోనే పొయ్యి ఊదుకుని ఆరుగురికి రొట్టెలు చేసేది హనీఫా. అది అసలు లెక్కలోకే రాదు.

పోలీస్ యాక్షన్ అయిన పది రోజులకు నాసర్‌ను ఠాణాకు పట్టుకుపోయారు. రజాకార్ల మీటింగుకు తివాచీలు పరిచాడని ఎవరో చెప్పారట. పరిచిన మాట నిజమే. పరవనంటే వాళ్లు ఊరుకునేవాళ్లా? నవాబుల దేవిడీల నుంచి రావలసిన పనులు ఆగిపోయాయి. నేతగాళ్లు మాత్రం కడుపులు పట్టుకుని వచ్చి కూర్చున్నారు. "ఏం వేయమంటవమ్మా?" అని బాలమ్మ అడిగింది. హనీఫాకు మామ నక్షా ఎత్తుకోబుద్ధి కాలేదు. పన్నెండేళ్లు ఎవరి తోటలో పూలో చెప్పింది, ఎన్నడూ చూడని ఫౌంటెన్లు చెప్పింది. ఆ రోజు కంటికి కనబడేది వేరు. మూసిన కిటికీ సందుల్లోంచి నేల మీద పడే వెలుతురు చారలు, వదిలేసి పోయిన ఎదురింటి తలుపుకు పెద్ద తాళం, పిట్టగోడ మీద కాకి ఒంటరిగా నడిచిన అడుగులు. అవే ముడులై ఒక్కొక్కటీ నోట్లోంచి వచ్చాయి. భయపడుతూనే చెప్పింది, చెబుతూ చెబుతూ భయం మరిచింది. "ఇది పెద్దసాబ్‌ది కాదు గదమ్మా?" అంది బాలమ్మ. కాదంది హనీఫా. ఆ పూట పప్పు గిన్నె దించుతూ, మొగుడు ఠాణాలో ఉన్న ఆడది నవ్వకూడదని తెలిసి కూడా, తనలో తాను నవ్వుకుంది. పదకొండు రోజుల్లో నక్షా మొత్తం ఆమె తలలో స్థిరపడింది.

పన్నెండో రోజు నాసర్ ఇంటికొచ్చాడు. జనరల్ బజారులో దుకాణమున్న తుకారాం సేట్, ఇతను మంచివాడని చిట్టీ రాసిస్తే వదిలారు. తివాచీ పూర్తికాగానే సేటే కొని, తిరుమలగిరిలో ఒక మిలిటరీ దొరకు అమ్మేశాడు. ఆ దొర దోస్తులు పదిమంది అలాంటివే కావాలన్నారట. "ఎవరి నక్షా ఇది?" అని సేట్ వసారాలో నిలబడి అడిగితే, నాసర్ తడుముకోకుండా, "మా ఖాందాన్‌ది. మా అబ్బా నాకొక్కనికే చెప్పిండు" అన్నాడు. పర్దా వెనక హనీఫా విన్నది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. అయినా కుక్కిన పేనులా లేచి రొట్టెల పిండి కలపడానికి పోయింది.

ఇవాళ రెండో తివాచీ షురూ. కొత్త పడుగు బిగించారు. హనీఫా చాప మీద కూర్చుని మొదటి వరుస ఎత్తుకుంది. "నలుపు మూడు, పసుపు ఒకటి, తెలుపు రెండు..." వరుస అయిపోవస్తుండగా పర్దా అవతల తెలియని మగగొంతు వినిపించింది.

"జెర మెల్లగ చెప్పమనండి సాబ్. రాసుకోవాలె."

ముడి వేసే చెయ్యి ఏదీ పన్నెండేళ్లలో ఆమెను మెల్లగా చెప్పమనలేదు. హనీఫా ఆగిపోయి పర్దా సందులోంచి చూసింది. స్టూలు మీద ఒక పెద్దమనిషి, ఒళ్లో అట్ట, అట్ట మీద గళ్ల కాగితం. పైన, చిన్నప్పుడు నేర్చిన ఉర్దూతో ఆమె కూడబలుక్కోగలిగినంత పెద్ద అక్షరాల్లో "నాసర్ ఖాందానీ నక్షా" అని అప్పుడే రాసిపెట్టి ఉంది.

నాసర్ గబగబా పర్దా వెనక్కి వచ్చాడు. "ఎందుకు ఆపినవ్? చెప్పు."

"ఆయనెవరు?"

"బ్రహ్మచారి అని డ్రాయింగు మాస్టరు. సేట్ పంపిండు. సీతాఫల్‌మండిల పది మగ్గాలు పెడుతున్నడు. కాగితం గావాలె."

"నాకు ఒక్కమాట చెప్పకుంటనే?"

"నీకు చెప్పుడేంది? ఊలు నాది, మగ్గం నాది. కాగితమైతే నీకే సుఖం, వంటింట్ల నిమ్మళంగ ఉండొచ్చు." తర్వాత ఆమె చెవి దగ్గరికి వంగాడు. అతని గొంతులో అధికారం పోయి భయం మిగిలింది. "సేట్ చిట్టీ రాయకపోతే నేను ఇంక లోపలనే ఉందును. కాదంటే ఆ చెయ్యే ఇంకో చిట్టీ రాస్తది. సమజైందా?"

సమజు కాకేం? ఆ పదకొండు రోజులూ ముద్ద దిగక, ప్రతి బూటు చప్పుడుకూ ఉలిక్కిపడింది ఆమే. ఇతని ప్రాణానికి అడ్డమంటే ఒకటి కాదు, పది నక్షాలిచ్చేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "హనీఫా, నీది జెర ఇస్తవా?" అని అడిగి ఉంటే! ఒకరిది చూసి ఇంకొకరు నేస్తే ఆమెకు కోపం లేదు. పన్నెండేళ్లు తను చేసిందీ అదే. కానీ మామవాటిని మామవనే చెప్పింది, ఏనాడూ తనవనలేదు. ఇప్పుడు ఈ కాగితం ఈ పేరుతో గడప దాటిందంటే, తిరిగి ఎవరితో చెప్పుకుంటుంది? నువ్వెవరంటారు. పదకొండు రోజులు తను మనిషిగా బతికిన సంగతికి సాక్ష్యం ఉండదు. చెంగు నిండా తలమీదికి లాక్కుని, పర్దా ఎత్తి వసారాలోకి నడిచింది.

"యా అల్లా! పరాయి మొగోని ముంగటికా!" అని జాన్ బీ లోపలి నుంచి గుండెలు బాదుకుంది. బాలమ్మ పలక మీద జరిగి చోటిచ్చింది. హనీఫా ఆమె పక్కన కూర్చుని, వరుస చెప్పే గొంతుతోనే అంది.

"ఖాందానీ నక్షా అని రాసిండ్రు గద మాస్టరుగారూ. ఖాందాన్ ఆయనది, ఆయనే చెప్తడు. మొదటి వరుస నేను చెప్పిన, రెండోది మీరు చెప్పుండ్రి" అని పర్దా వెనక ఉన్న మొగుడి వైపు చూసింది.

"అట్లనే చెప్పండి సాబ్. మొగగొంతైతే నాకు సుత సులువు" అన్నాడు పాపం బ్రహ్మచారి, ఏమీ తెలియక.

నాసర్ పర్దా వెనకే ఉండిపోయాడు. చెప్పకుండా బయటికి వస్తే రాదని ఒప్పుకున్నట్టు, నోరు విప్పితే ఏమొస్తుందో తెలియదు. రెండుసార్లు దగ్గాడు. చిన్నప్పుడు అబ్బా పక్కన ఆడుకుంటూ విన్నదొక్కటే అతనికి గుర్తొచ్చింది. చుట్టి సేట్ దుకాణానికి భుజాన మోసుకుపోయిన తివాచీని విప్పి చూసుకునే తీరిక అతనికి ఏనాడూ లేదు.

"ఎరుపు రెండు... తెలుపు ఒకటి... ఎరుపు..."

ఒక్క చెయ్యి కదల్లేదు. బాలమ్మ పర్దా వైపు తిరిగింది.

"ఎరుపా? ఇందుల ఎరుపే లేదు సాబ్. మీరు ఠాణాల ఉన్నప్పుడు బజార్ల ఎర్ర ఊలు పోగన్న దొరికిందా? అందుకనే అమ్మ ఎరుపు లేకుంట కట్టింది."

బ్రహ్మచారి పర్దాను చూశాడు, కాగితాన్ని చూశాడు. జేబులోంచి రబ్బరు తీసి పైన రాసిన పేరును నెమ్మదిగా తుడిచాడు.

"మరి ఎవరి పేరు రాయాలె?"

"నాది" అంది హనీఫా. "సేట్‌కు ఇయ్యుండ్రి. పది మగ్గాల మీద నేసుకోమనుండ్రి, నాకేం తక్లీఫ్ లేదు. మీద నా పేరు పడ్డంకనే రెండో వరుస చెప్త."

బ్రహ్మచారి పెన్సిలు పట్టుకుని కాస్త ఇబ్బందిగా కదిలాడు. "నాసర్ బీవీ హనీఫా అని రాయనా అమ్మా?"

"ఒట్టి హనీఫా చాలు."