పసుపు చుక్క

బాబాయ్ చెడ్డవాడేం కాదు. కార్లు బాగుచేసే కొట్టు నడిపే మేస్త్రీ ఆయనకి అన్నయ్య. ఆ అన్నయ్యంటే ప్రాణం పెడతాడు. కానీ ఈ మధ్య ఆ అన్నయ్యే, తాను తాగేసిన టీ గ్లాసు చేతిలో పట్టుకునే ఇంకా టీ రాలేదేమని కసురుకుంటున్నాడు. రోజూ నడిచే దారిలోనే మలుపు దగ్గర ఆగిపోయి దిక్కులు చూస్తున్నాడు. అలాంటి మనిషి చేతికి జనం తమ బళ్ళెలా అప్పజెప్తారు? అందుకని ఒకరోజు మేస్త్రీ వినకుండా ఆయన కూతుర్ని పక్కకి పిలిచి ఒక మాట అనేశాడు. మూలన పడున్న ఎర్ర కారు ఇంజన్ అన్నయ్య తన చేత్తో బిగించి రోడ్డెక్కిస్తే తనింక నోరెత్తడు. లేదంటే కొట్టు మూసెయ్యాలి.

కూతురు సరేనంది. చిన్నప్పట్నించీ ఆ కొట్లో గ్రీజు పూసుకుని పెరిగిన మనిషి. తల మరిచిపోతే మరిచిపోవచ్చు గానీ నాన్న చేతులు మరిచిపోవని ఆమె మొండి నమ్మకం. కొట్టు లేకపోతే ఆయన మంచానికి అతుక్కుపోతాడని కూడా ఆమెకి తెలుసు.

ఆ ఎర్ర కారు మేస్త్రీ పెళ్ళికి ముందు ముచ్చటపడి కొనుక్కున్నది. పొడుగు ముక్కు, గుడ్డ పైకప్పు, ఇద్దరికే చోటు. ముగ్గురెక్కితే ఒకరు డిక్కీలో పడుకోవాల్సిందేనని మేస్త్రీయే వేళాకోళం చేసేవాడు. ఇంజన్ పట్టేసి ఏళ్ళ తరబడి ఇటుకల మీదే కూర్చుంది. ఇంజన్ బ్లాకుని లోపల సాపు చేయించడానికి బోరింగ్‌కి పంపి, కొత్త పిస్టన్లు తెప్పించి, తండ్రీకూతుళ్ళు పని మొదలుపెట్టారు.

మేస్త్రీ కొట్లో ఒక కట్టుబాటుంది. ఏ నట్టయినా ఆఖరి బిగింపు బిగించాక, అగ్గిపుల్లతో దానిమీద పసుపు రంగు చుక్క పెట్టాలి. చుక్క పడ్డాక దానిమీద ఇంకెవరూ పానా పెట్టకూడదు. పెడితే బిగించిన మనిషిని అవమానించినట్టే. ఇక బిగించకుండా చుక్క పెట్టాడా, వాడి పని అయిపోయిందే! వెనకటికి ఒక పనివాడు ఆ తప్పు చేస్తే, మేస్త్రీ వాడి పనిముట్ల సంచీ తీసుకెళ్ళి వీధిలో పెట్టాడు. మళ్ళీ వాడి మొహం చూడలేదు.

పని మొదలయ్యాక ఆ చేతుల్ని చూడాలి. పిస్టన్ రింగుల్ని నొక్కిపట్టి, సుత్తి కర్రతో మెల్లిగా తట్టి ఒక్కొక్కదాన్నీ లోపలికి దించుతుంటే కూతురికి కళ్ళు చెమర్చాయి. చూశావా బాబాయ్ అని మనసులోనే అనుకుంది. పిస్టన్లకుండే కనెక్టింగ్ రాడ్లు అడుగున తిరిగే క్రాంకుకి బిగించే వేళకి, సామాను కడిగే కిరసనాయిలు అయిపోయిందని పక్కవీధికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి రాడ్ల నట్లన్నిటి మీదా పసుపు చుక్కలు మెరుస్తున్నాయి. బిగించే పానా మాత్రం, తను వెళ్ళేటప్పుడు తుడిచి పెట్టిన చోటే, గుడ్డ మడతలోనే ఉంది.

బిగించకుండానే చుక్కలు పెట్టేశాడా? ఆమె చెయ్యి పానా మీదకి పోయింది. మేస్త్రీ తలెత్తి, "ఏం చూస్తున్నావే అమ్మడూ?" అన్నాడు.

ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది. భయం ఉంది. తనని పరీక్షిస్తున్నారని ఆ ముసలాయనకి ఎప్పుడో తెలిసిపోయింది. ఏం లేదు నాన్నా అని ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. పని అయ్యాక పానా మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టేసి ఉంటాడులే అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఆయిల్ చాంబర్ ఎత్తి ఇంజన్ అడుగున మూసేసింది. తర్వాత లోపల ఏముందో ఎవరికి కనపడుతుంది?

ఇంజన్ని కార్లోకి దించే రోజు బాబాయ్ వచ్చి స్టూలేసుకుని కూర్చున్నాడు. బానెట్ విప్పేసి, చైన్ బ్లాకుకి ఇంజన్ని వాలుగా వేలాడదీసి దించుతుంటే గేర్‌బాక్స్ షాఫ్టు క్లచ్చిలోకి ఎక్కనని మొరాయించింది. కూతురు కారు కింద పడుకుని చెమటలు కక్కింది. మేస్త్రీ మోకాలితో ఇంజన్ని ఒక్క ఊపు ఊపాడు. సర్రుమని జారి కూర్చుంది. బాబాయ్ లేచి నిలబడి, మా అన్నయ్యే అన్నాడు.

తాళం తిప్పితే ఇంజన్ తుమ్మి, దగ్గి, పలికింది. తండ్రీకూతుళ్ళు బయల్దేరారు. మేస్త్రీ నడుపుతున్నాడు, నవ్వుతున్నాడు. మార్కెట్ దాటేసరికి కింద టక టకమని చిన్న చప్పుడు. ఆపు నాన్నా అనేలోపే ఏదో పేలినట్టు మోగింది. రోడ్డంతా నల్లటి నూనె.

కొట్లోకి నెట్టుకొచ్చి చాంబర్ విప్పారు. రాడ్డు బ్లాకుని పొడుచుకుని బయటికొచ్చింది. నూనె అడుగున ఒక నట్టు పడుంది. లోపలి మరలు చెక్కు చెదరలేదు; తెగి కాదు, వదులై ఊడొచ్చింది. నెత్తిన పసుపు చుక్క అలాగే ఉంది.

బాబాయ్ దాన్ని చేతిలోకి తీసుకుని అన్నయ్య వైపు చూశాడు. మేస్త్రీ ముందుకి వంగి ఆ చుక్కని చూశాడు. "ఇది బిగించిందెవరు?" అన్నాడు.

"నేనే నాన్నా," అంది కూతురు.

మేస్త్రీ లేచాడు. ఆమె పనిముట్ల సంచీ తీసుకెళ్ళి వీధిలో పెట్టి వచ్చాడు. బాబాయ్‌కి అంతా అర్థమైంది. అయినా కొట్టు మూసే మాట ఎత్తకుండా తల దించుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆమె సంచీతో ఎదురు అరుగు మీదే కూర్చుంది. ఒకాయన పిల్లల్ని వెనక సీట్లో ఎక్కించుకుని బ్రేకులు బాగుచేయించుకోడానికి వచ్చాడు. మేస్త్రీ చక్రం విప్పాడు, సరిచేశాడు, మళ్ళీ తగిలించాడు. నట్లు వేళ్ళతో తిప్పి, అగ్గిపుల్లతో చుక్కలు పెట్టి, వెళ్ళిరండి అన్నాడు. పానా గోడకే వేలాడుతోంది.

ఆమె పరిగెత్తుకెళ్ళి కారుకి అడ్డం నిలబడింది. పసుపు చుక్కల మీదే పానా పెట్టి, ఒక్కో నట్టూ బిగించి పంపించింది. తర్వాత లోపలికెళ్ళి మేకుకున్న తాళాలు తీసుకుంది.

"తప్పు చేసింది నువ్వు. నా కొట్టెందుకు మూస్తున్నావే?" అన్నాడు మేస్త్రీ.

ఆమె ఆ తప్పు తనమీదే ఉంచుకుంది.  ఆయన్ని చెయ్యి పట్టుకుని బయటికి నడిపించి షట్టర్ దించేసింది.

ఆ తర్వాత ఆయన ఒక్కొక్కటే మరిచిపోయాడు. ఎర్ర కారుని, తమ్ముణ్ణి, చివరికి తనకో కూతురుందన్న సంగతిని కూడా. కానీ ఆమె దగ్గర కూర్చుని అన్నం తినిపిస్తున్నప్పుడు, పక్కన ఎవరుంటే వాళ్ళ చెవిలో రహస్యంగా చెప్పేవాడు.

"ఈ పిల్లని పనిలో పెట్టుకోకండి. నట్లు బిగించదు."