కాగితం మీద ఉన్నదే

రూబెన్ పెట్వే నవ్వాడు. అంతే. ఆ నవ్వుకే మెడపట్టి రికార్డింగు గదిలోంచి బయటికి గెంటారు.

అమెరికాలోని మెంఫిస్‌కు పత్రికలవాళ్ళు వచ్చిన రోజది. "దేశాన్ని ఊపేస్తున్న ఆ పాట ఎలా తట్టింది?" అని తెల్ల గాయకుడు డేల్ రడ్‌ను అడిగారు. డేల్ జుట్టు దువ్వుకుంటూ, "కల్లో వినిపించింది" అన్నాడు. ఆ పాట కట్టింది పియానో ముందున్న పెట్వే. తల్లిని పాతిపెట్టి వచ్చిన రోజున, ఏడవడం చేతగాక కట్టాడు. నవ్వక ఏం చేస్తాడు?

మేనేజరు హాస్కెల్ మేళంలో మిగిలిన నల్లవాళ్ళ వైపు తిరిగాడు.

"పాట డేల్ పేరున రిజిస్టరైంది. స్వరాలు రాసిచ్చిన ఆ కాగితం మీద ఉన్నది వాయించడమే మీ పని. అంతకుమించి మీదేముందిరా ఇక్కడ?"

డ్రమ్ములు వాయించే అలొంజో టిబ్స్ ఆ కాగితం వైపు చూశాడు. కాగితం మీద లేనిదేమిటో అతనికి తెలుసు. డేల్‌కు తాళం నిలవదు. చరణం ఎత్తుకోవాల్సిన చోట ఒకసారి ముందుకు దూకుతాడు, ఒకసారి వెనకబడతాడు. ఎత్తుకునే ముందు ఎడమ భుజం లేస్తుంది. అది చూసి అలొంజో ఒక దెబ్బ వేస్తాడు. ఆ దెబ్బ పట్టుకుని అందరూ డేల్ పడ్డచోటికి దూకుతారు. తప్పు ఒప్పయిపోతుంది. ఆరేళ్ళుగా ఇదే పని. అది తన గొప్పేనని డేల్ నమ్మాడు.

ఆ సాయంత్రం వంతపాట పాడే వెర్నెల్ వంటింట్లో మేళంవాళ్ళు చేరారు. పెనంలో చేపలు వేగుతున్నాయి.

"నాకు నలుగురు పిల్లలక్కా" అన్నాడు బేసు వాయించే ఓజెల్. "దొరతో పెట్టుకుంటే ఈ ఊళ్ళో నన్నెవడు పిలుస్తాడు?"

"పిలుస్తార్లే, నేల తుడవడానికి! నవ్వినందుకు ఇవాళ రూబెన్. రేపు దగ్గి చూడు, నీ వంతొస్తుంది" అంది వెర్నెల్.

"అయితే మానేద్దామా?"

"మానితే ఇంకో నలుగుర్ని తెస్తారు" అన్నాడు అలొంజో. "వాయిద్దాం. కాగితం మీద ఉన్నదే వాయిద్దాం. నేను భుజం చూడను."

వెర్నెల్ చేతిలో గరిట ఆగిపోయింది. ఓజెల్ కళ్ళు పెద్దవయ్యాయి.

"వాణ్ణి ఉరి తీస్తున్నావు గదన్నా!"

"తాడు వాళ్ళదే."

శనివారం మధ్యాహ్నం సంత మైదానంలో కచేరీ. ముందు కుర్చీల్లో తెల్లవాళ్ళు, వెనక తాడు కట్టి వేరుచేసిన చోట నల్లవాళ్ళు. వేదిక ఎక్కేముందు వెర్నెల్ హాస్కెల్‌కు అడ్డం నిలబడింది. "రూబెన్‌ను పిలిపించండి. రికార్డు మీద అతని పేరు వెయ్యండి."

"పోయి కాగితం చూసి పాడవే!"

"అలాగే దొరా."

పియానో ముందు ఎవరో కొత్తవాడు. అతనికి కాగితం తప్ప ఇంకేమీ తెలియదు.

పాట మొదలైంది. డేల్ ఎడమ భుజం లేచింది. అలొంజో కాగితంలోంచి తల ఎత్తలేదు. డేల్ వెనకబడ్డాడు. కదిలిపోయిన బస్సు వెంట పరిగెత్తేవాడిలా పాట వెంట పరిగెత్తాడు. రెండో చరణంలో ముందుకు దూకి ఒంటరిగా దొరికిపోయాడు. మొహం కందిపోయింది. ఆ మొహం చూస్తుంటే అలొంజో కడుపు చల్లబడింది. ఆరేళ్ళ కసి.

"అలొంజో, ఆగరా! నాకోసం ఆగరా!"

మైకు ముందే ఉంది. మైదానమంతా వింది.

తాడు వెనక ఒకడు పగలబడి నవ్వాడు. ఆ గొంతు అలొంజోకు తెలుసు. రూబెన్. అతను చప్పట్లతో తాళం వేశాడు, సరైన తాళం. పక్కవాడు అందుకున్నాడు. తాడు వెనక వేల చేతులు లేచాయి. డేల్ మైకు వదిలి పారిపోయాడు.

హాస్కెల్ పోలీసులను తెచ్చాడు.

"ఏం చేశారు వీళ్ళు?" అడిగాడు పోలీసు అధికారి.

"వీళ్ళు... వీళ్ళు ఉన్నదున్నట్టు వాయించారు!"

అయినా బేడీలు వేశారు. బండి మైదానం దాటేదాకా చప్పట్లు ఆగలేదు. లోపల ఓజెల్ బేడీలతోనే ఆ తాళం కొట్టాడు.

సోమవారం లిటిల్ రాక్‌లో హాస్కెల్ కొత్త మేళాన్ని కూర్చోబెట్టాడు. డేల్ డ్రమ్ముల వైపే చూసుకుంటూ మైకు దగ్గరికి వచ్చాడు. శనివారం సంగతి అప్పటికే చెవిన పడ్డ కొత్త డ్రమ్ములవాడు పుల్లలు చేతిలోకి తీసుకుని, హాస్కెల్ వైపు చూసి మర్యాదగా అడిగాడు:

"కాగితమేది దొరా?"