రెండో ఆడియో

సినిమా డిస్కులు అద్దెకిచ్చే షాపు మూసేస్తున్నారని తెలిసిన రోజున అద్దాల మేస్త్రి మధ్యాహ్నం భోజనం కూడా మానేసి అక్కడికి పరుగెత్తాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆయనది. ముప్పై ఏళ్ళుగా అదే బల్ల, అదే స్టూలు. ఊళ్ళో సగం మందికి ఆయన అసలు పేరు తెలియదు.

సినిమాల పిచ్చి ఆయనకేమీ లేదు. ఆయనకు కావలసింది భార్య గొంతు.

ఆవిడ ఇరవై రెండేళ్ళు డబ్బింగ్ చెప్పింది. పరాయి భాషల సినిమాలు మన భాషలోకి మార్చేటప్పుడు చిన్నాచితకా పాత్రలన్నీ ఆవిడ వంతు. హీరోయిన్ స్నేహితురాలు, ఆసుపత్రి నర్సు, గుంపులో అరిచే మనిషి. పేరు మాత్రం తెర మీద ఏనాడూ పడలేదు. రెండేళ్ళ కిందట గొంతులో కణితి ఉందని తేలింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ప్రాణం నిలిచింది, మాట పోయింది. ఇప్పుడు మెడ కింద చిన్న రంధ్రంలోంచి ఊపిరి పీలుస్తూ, చెప్పదలచుకున్నది పిల్లల పలక మీద రాస్తుంది. ఎదుటివాళ్ళు చదవగానే తుడిచేస్తుంది. మొగుణ్ణి పిలవాలంటే రెండు చప్పట్లు.

ఇంట్లో ఆ గొంతు ఎక్కడా మిగల్లేదు. పాత ఫోన్లు ఎప్పుడో పోయాయి. పెళ్ళి వీడియో ఉంది గానీ, తీసినవాడు మహా ఘనుడు, మాటలు వినిపించిన చోటల్లా సినిమా పాటలు అతికించి పెట్టాడు.

"మీకు కావలసినవి ఏరుకోండి మేస్త్రిగారూ," అన్నాడు షాపాయన. "వారానికి పది పట్టుకెళ్ళండి. కాపీ చేసుకుని తెచ్చిచ్చేయండి. నెలాఖరుకి మిగతావన్నీ మూటకట్టి పంపించేస్తున్నా."

కాపీ అంటే మేస్త్రి అనుకున్నంత తేలిక కాలేదు. సినిమా డిస్కులో రెండు పొరలు, ఎనిమిదిన్నర జీబీ సరుకు. ఆయన కొన్న ఖాళీ డిస్కుకు ఒకటే పొర, నాలుగున్నర చిల్లర. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని, షాపాయన ఎక్కించి ఇచ్చిన ప్రోగ్రాంలో ఒక బటన్ నొక్కితే గంటన్నర గరగరలాడి కొత్త డిస్కు బయటికి వచ్చింది. ఆత్రంగా పెట్టి చూశాడు. బొమ్మ దివ్యంగా ఉంది. మాటలు మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. చోటు చాలక ప్రోగ్రాం మొదటి ఆడియో ఒక్కటే ఉంచి, రెండోది, అంటే మన భాషది, అవతల పారేసింది.

మర్నాడు ఆ మాట చెబితే షాపాయన నవ్వాడు. "బారెడు మనిషికి మూరెడు దుప్పటి కప్పితే అంతే మరి. తలకి లాగితే కాళ్ళకి చాలదు. ఏది వద్దో మీరే చెప్పాలి దానికి. అయినా మీకు గొంతే కావాలంటే బొమ్మెందుకండీ? ఉత్త ఆడియో తీసుకోండి, ఒక్క డిస్కులో ఇరవై సినిమాలు పడతాయి."

"నోరు కనబడకుండా గొంతొక్కటీ వింటే చీకట్లో ఎవరో పిలిచినట్టుంటుందయ్యా," అన్నాడు మేస్త్రి. "నాకొద్దు."

అప్పటి నుంచి ఆయన పని గాడిన పడింది. ఉదయం ఆవిడ పార్కుకు నడకకు వెళ్ళగానే వెనకగదిలో కూర్చునేవాడు. డిస్కును లెన్సు పట్టుకున్నట్టే అంచులతో పట్టుకుని, మెత్తటి గుడ్డతో లోపలి నుంచి బయటికి తుడిచేవాడు. చోటు కోసం ప్రోగ్రాంలో మెనూ తీసేసేవాడు, తెర వెనక ముచ్చట్లు, మొదటి ఆడియో కూడా. అప్పటికీ పట్టకపోతే బొమ్మను పిండేవాడు. వాన కురిసే చోట, సముద్రం కనిపించే చోట తెరంతా గళ్ళుగళ్ళుగా విరిగేది. విరగనీ అనుకునేవాడు.

వాటిల్లో ఒకటి మరీ ప్రాణమైపోయింది. సముద్రపు ఒడ్డున ఓ పడవవాడి కథ. తుఫాను వచ్చేలా ఉంటే అతని భార్య గుమ్మంలో నిలబడి, "ఎంత పొద్దుపోయినా ఫర్వాలేదు. నువ్వొచ్చేదాకా కూర్చునే ఉంటా," అంటుంది. ఆ మాట విన్న మొదటిసారి మేస్త్రి కుర్చీని తెర దగ్గరికి లాక్కున్నాడు. ఆ తరవాత రోజూ ఒకసారి, కాదు, నాలుగైదుసార్లు వినేవాడు. 'కూర్చునే' అన్నచోట గొంతు కాస్త జీరబోతుంది. ఇంట్లో ఆవిడ అలిసిపోయినప్పుడు అచ్చం అలాగే అనేది. దుకాణంలో అద్దం అరగదీస్తున్నా ఆ ముక్కే చెవిలో తిరిగేది.

ఒకనాడు వాన పడటంతో ఆవిడ నడక మధ్యలో మానేసి వచ్చేసింది. వెనకగది తలుపు దగ్గర ఆగిపోయింది. తెర మీద పడవవాడి భార్య మాట పూర్తి చేసింది. మేస్త్రి వెనక్కి పెట్టి మళ్ళీ వేశాడు. అప్పుడు వినిపించాయి రెండు చప్పట్లు.

దొంగ దొరికిపోయినట్టు లేచి నిలబడ్డాడు.

'ఎన్నాళ్ళ నుంచి ఈ సంబడం?' అని ఉంది పలక మీద.

"మూడు వారాలయింది," అన్నాడు. "నీకు చెబితే బాధపడతావని... నీ గొంతు వినాలనిపించింది. అంతే."

ఆవిడ తెర వంక, ఆయన వంక చూసింది. పలక తుడిచి నెమ్మదిగా రాసింది. 'ఇది నేను కాదు.'

"ఊరుకో. నీ గొంతు నాకు తెలీదా?"

'చిన్నక్క. ఆ రోజు నాకు జ్వరం. నా బదులు అది వెళ్ళి చెప్పింది.'

చిన్నక్క అంటే స్టూడియోలో ఆవిడ పక్క మైకు మనిషి. పోయి నాలుగేళ్ళయింది. మేస్త్రి సినిమా ఆపేశాడు. మూడు వారాలు పరాయి మనిషి మాటకు కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడ భుజాలు కదిలాయి. ముందు నవ్వే అనుకున్నాడు, మెడ దగ్గర రంధ్రంలోంచి గాలి చిన్నగా ఈల వేసింది. అంతలోనే మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూటంతా ఆవిడ బదులు గిన్నెలు మాట్లాడాయి.

మర్నాడు ఉదయం ఆవిడ నడకకు వెళ్ళలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని రిమోట్ చేతిలోకి తీసుకుంది. ఒక్కో డిస్కు పెట్టించి, కావలసిన చోట ఆపి, తన గుండె మీద వేలు పెట్టి చూపించింది. రైలు టిక్కెట్లు అమ్మే ముసలామె తనే. తప్పిపోయి ఏడ్చే ఏడేళ్ళ కుర్రాడు తనే. ఒక పోలీసు సినిమాలో పంజరంలోంచి 'దొంగ, దొంగ' అని అరిచే చిలక కూడా తనే.

"చిలక కూడానా?" అన్నాడు మేస్త్రి నోరు తెరిచి.

'దానికే అందరూ మెచ్చుకున్నారు,' అని రాసింది.

ఆయన నవ్వాడు గానీ అంతటితో ఊరుకోలేదు. ముసలామెలో వెతికాడు, కుర్రాడిలో వెతికాడు. "వీటిల్లో నువ్వెక్కడా లేవే," అన్నాడు చివరికి. "పొద్దున్నే 'లేస్తావా, నీళ్ళు కుమ్మరించనా' అని అరిచేదానివి చూడు. ఆ గొంతు ఏది?"

ఆవిడ బలపం అందుకుని రాసింది.

'అది పనికి పట్టుకెళ్ళేదాన్ని కాదు. ఇంట్లోనే పెట్టి వెళ్ళేదాన్ని.'

మేస్త్రి చదివాడు. ఈసారి ఆవిడ తుడవలేదు.

పడవవాడి సినిమా పారేస్తానని మేస్త్రి అంటే మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. చిన్నక్క కూతురు అదే ఊళ్ళో బట్టల ఇస్త్రీ దుకాణం నడుపుతోంది. ఆ సినిమాను గళ్ళు పడకుండా రెండు డిస్కులుగా విడదీసి మళ్ళీ కాపీ చేయించి, ఆదివారం మొగుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళింది. దుకాణం వెనకున్న గదిలో, మడతపెట్టిన దుప్పట్ల మధ్య చిన్న టీవీ. చిన్నక్క కూతురు చేతిలోని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నిలబడే వింది.

"అమ్మేనా, పిన్నీ?"

ఆవిడ తలూపింది.

"ఇంత నిదానంగా మాట్లాడేదా? మా మీద ఎప్పుడూ కేకలే కదా," అని ఆ పిల్ల నవ్వబోయి ఏడ్చేసింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "బాబాయ్, మళ్ళీ వెయ్యవా," అంది. మేస్త్రి మళ్ళీ వేశాడు. ఆ గొంతును తన భార్యదనుకున్న రోజుల సంగతి ఆ పిల్లకు చెప్పలేదు. చెప్పడానికేముంది?

తిరిగి వచ్చేటప్పుడు బస్సు స్టాపులో ఆవిడ పలక తీసింది. 'ఒక్క చోట ఉన్నాను. ఏ సినిమానో గుర్తు లేదు. సౌండు ఇంజనీరు కుర్చీ విరిగి కింద పడ్డాడు. నవ్వు ఆగలేదు. ఆ సీనులో ఎలాగూ నవ్వాలి కదా అని అదే ఉంచేశారు. ఆ నవ్వు నాది.'

"ఎవరి పాత్ర?"

'గుర్తు లేదు. ఆడమనిషే.'

"ఎంతసేపుంటుంది?"

రెండు వేళ్ళు చూపించింది. రెండు సెకన్లు.

మర్నాడు మేస్త్రి షాపుకు వెళ్ళి నెలాఖరు గడువును పదిహేను రోజులు పొడిగించుకున్నాడు. ఇక కాపీ చేయడం మానేశాడు. ఉన్నవి ఉన్నట్టు పట్టుకొచ్చి ఇద్దరూ చూడటమే. ఆయన దుకాణానికి ఆలస్యంగా వెళ్ళడం మొదలుపెట్టాడు. యజమాని ఒకటి రెండుసార్లు సణిగి ఊరుకున్నాడు. తెర మీద ఏ ఆడమనిషి నవ్వినా మేస్త్రి ఆవిడ వంక చూసేవాడు. ఆవిడ తల అడ్డంగా ఊపేది. పెళ్ళికూతుళ్ళు నవ్వారు, దొంగలముఠా నాయకురాలు నవ్వింది, ఒక రాణి విరగబడి నవ్వింది. ఏదీ కాదు. షాపులో రెండు ఆడియోలున్న చివరి డిస్కు కూడా అయిపోయింది. మూటలు వెళ్ళిపోయాయి, తలుపు మీద 'అద్దెకు ఇవ్వబడును' బోర్డు పడింది.

నవ్వు దొరకలేదు. అయినా మేస్త్రి వదలలేదు. కళ్ళజోడు కోసం వచ్చినవాళ్ళను, చూపు పరీక్ష అయ్యేలోపు అడుగుతుంటాడు. "మీ ఇంట్లో పాత సినిమా డిస్కులేమైనా ఉన్నాయా అండీ? రెండు ఆడియోలు ఉన్నవి?" ఒకరిద్దరు తెచ్చిస్తుంటారు కూడా.

నిన్న ఒకాయన అట్టపెట్టె నిండా తెచ్చాడు. ఈ ఉదయం ఆవిడ కిటికీ పరదా సగం మూసి, రెండు గ్లాసుల్లో టీ పోసి, రెండు చప్పట్లు కొట్టింది. మేస్త్రి మొదటి డిస్కును అంచులతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. గీతలున్నాయి గానీ లోతైనవి కావు. పెట్టాడు. రెండో ఆడియో ఎంచుకున్నాడు.